అరికాళ్ళ మంటలకు ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ – ఎవరికి, ఎంత, ఎలా?



"సిస్టర్, రాత్రయితే అరికాళ్ళు మండిపోతున్నాయి. దుప్పటి తగిలినా ఓర్వలేను. మా పక్కింటావిడకు ఈ గొట్టాలతో తగ్గాయట. నేనూ వేసుకోవచ్చా?" షుగరు ఓ.పి.లో ఈ మాట వినని వారం ఉండదు. కొందరైతే ఖాళీ అట్ట కొంగున కట్టుకుని తెచ్చి చూపిస్తారు. ఆ అట్ట వెనుక రాసిన మందుల్లో చాలాసార్లు కనిపించే పేరు ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్. కొన్ని మందుల మీద దీనినే థయోక్టిక్ ఆసిడ్ అని కూడా రాస్తారు. రెండూ ఒకటే.

ఈ మందు ఎందుకు వాడతారు, ఏయే రూపాలలో దొరుకుతుంది, ఎంత మోతాదు, ఎవరు జాగ్రత్తపడాలి అనే విషయాలు ఈ సంచికలో తెలుసుకుందాం. దానితోపాటు, ఈ మందు చేయలేని పని ఏమిటో కూడా తెలుసుకోవాలి. కాళ్ళు దక్కేది ఆ రెండవ విషయం తెలిసినప్పుడే.

ఇది విటమినా?

కాదు. విటమిన్లను మన శరీరం తనకు కావలసినంత తయారు చేసుకోలేదు, ఆహారం ద్వారా రావాలి. ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్‌ను మన శరీరమే కొద్ది కొద్దిగా తయారు చేసుకుంటుంది. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి, ఆ గ్లూకోజు కణాలలో శక్తిగా మారే పనిలో ఇది సహాయపడుతుంది. పాలకూర, టమాటా, మాంసంలో కాలేయం, గుండె, మూత్రపిండాలలో ఇది ఉంటుంది కాని చాలా స్వల్పం. ఎంత స్వల్పమంటే, 1951లో అమెరికాలో లెస్టర్ రీడ్ అనే శాస్త్రవేత్త బృందం సుమారు పది టన్నుల పశువుల కాలేయపు పదార్థం నుండి దీనిని వేరు చేస్తే, చివరకు చేతికి వచ్చింది 30 మిల్లీగ్రాములు మాత్రమే. కాబట్టి మందుగా వాడే మోతాదు ఆహారంతో రాదు. ఇప్పుడు మాత్రలలో ఉన్నదంతా ఫ్యాక్టరీలో తయారైనదే.

షుగరు వారి నరాలకు ఎందుకు ఇస్తారు?

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే సన్నని నరాలు, వాటికి రక్తం అందించే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాల వరకు వెళ్ళేవి. అందుకే బాధ ముందు కాలి వేళ్ళలో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్లు, సూదులతో గుచ్చినట్లు, దూది మీద నడుస్తున్నట్లు అనిపిస్తుంది. రాత్రిపూట ఎక్కువ.

చక్కెర ఎక్కువైనప్పుడు కణాలలో ఒక రకమైన హానికర పదార్థాలు పుట్టి నరాలను దెబ్బతీస్తాయి. ఇనుముకు తుప్పు పట్టినట్లు అనుకోండి. ఆ తుప్పును అడ్డుకునే వాటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ అటువంటిది. నీటిలోనూ, కొవ్వులోనూ కూడా పనిచేయగలగడం దీని ప్రత్యేకత. జర్మనీలో దీనిని షుగరు వారి నరాల బాధకు దశాబ్దాలుగా వాడుతున్నారు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

మంచి మందు అని నలుగురు చెప్పడం వేరు, పరీక్షించి తేల్చడం వేరు. ఈ మందును కొందరికి ఇచ్చి, మరికొందరికి చూడటానికి అలాగే ఉండి మందు లేని మాత్ర ఇచ్చి పోల్చి చూశారు.

1995లో ప్రచురించిన జర్మనీ పరిశోధనలో 328 మందికి మూడు వారాలపాటు సెలైన్ ద్వారా ఇచ్చారు. రోజుకు 600, 1200 మి.గ్రా. పొందిన వారికి మంటలు, నొప్పులు తగ్గాయి. 100 మి.గ్రా. పొందిన వారికి మందు లేనివారి కంటే చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఈ 100 అనే అంకెను దయచేసి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

2006లో ప్రచురించిన మరో పరిశోధనలో 181 మందికి ఐదు వారాలు నోటి ద్వారా ఇచ్చారు. 600 మి.గ్రా. వేసుకున్న వారిలో నూటికి 62 మందికి బాధ సగానికి సగం తగ్గింది. మందు లేని మాత్ర వేసుకున్న వారిలో కూడా నూటికి 26 మందికి అలాగే తగ్గింది. 1200, 1800 మి.గ్రా. ఇచ్చినా మేలు పెరగలేదు, వికారం, వాంతులు, తల తిరగడం మాత్రం పెరిగాయి.

ఇంతవరకు బాగానే ఉంది. మరి ఎక్కువ కాలం వాడితే? 2011లో వెలువడిన పరిశోధనలో 460 మందిని నాలుగేళ్ళు గమనించారు. కొన్ని చిన్న చిన్న విషయాలలో మెరుగు కనిపించింది కాని, ముఖ్యంగా ఏది తేల్చాలనుకున్నారో దానిలో మందు వాడినవారికి, వాడనివారికి చెప్పుకోదగ్గ తేడా లేదు. 2024లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ, ఆరు నెలలు అంతకుమించి సాగిన మూడు పరిశోధనలను, మొత్తం 816 మంది వివరాలను కలిపి పరిశీలించింది. ఆరు నెలల తరువాత బాధలు తగ్గించడంలో ఈ మందు ప్రభావం బహుశా చాలా తక్కువ, లేదా లేదు అని తేల్చింది.

దీని సారాంశం ఇది: సరైన మోతాదులో కొన్ని వారాలు వాడితే కొందరికి మంట తగ్గవచ్చు. ఏళ్ళ తరబడి వాడితే నరం బాగుపడుతుందని రుజువు లేదు.

చర్మం ముడతలకు, బరువు తగ్గడానికి, నోటి మంటకు, మతిమరుపుకు కూడా ఇది మంచిదని ప్రచారం చేస్తారు. బరువు విషయంలో పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేడా సుమారు కిలోంబావు మాత్రమే. మిగిలినవాటికి డబ్బు ఖర్చు చేయదగినంత బలమైన ఆధారాలు లేవు.

ఏయే రూపాలలో దొరుకుతుంది?

1. ఒక్క మందే ఉన్న మాత్రలు, గొట్టాలు: 100, 200, 300, 600 మి.గ్రా. చొప్పున ఉంటాయి. నెమ్మదిగా కరిగే రకం కూడా ఉంది. దానిని నమలకూడదు, విరవకూడదు. 'ఆర్' అనే అక్షరంతో వచ్చేది శరీరంలో సహజంగా ఉండే రకం. మామూలు మాత్రలలో ఆ రకం, దానికి అద్దంలో ప్రతిబింబం వంటి మరో రకం సమానంగా కలిసి ఉంటాయి. పైన చెప్పిన పెద్ద పరిశోధనలు మామూలు రకంతో జరిగినవే. కాబట్టి 'ఆర్' రకానికి ఎక్కువ ధర పెట్టవలసిన అవసరం ఉందని చెప్పలేము.

2. కలిపి చేసిన గొట్టాలు: మన మందుల షాపులలో ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే. మిథైల్‌కోబాలమిన్ అంటే బి12, బి6, ఫోలిక్ ఆసిడ్, వాటితోపాటు ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ ఉంటాయి. అట్ట వెనుక చదవండి. ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ చాలావాటిలో 100 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. మేలు కనిపించిన మోతాదు 600. ఈ గొట్టంతో మీకు సుఖంగా ఉంటే అది ఎక్కువగా బి12 వలన కావచ్చు, ముఖ్యంగా మీకు బి12 తక్కువగా ఉండి ఉంటే. అలాగని 600 కోసం ఇవే ఆరు మింగకూడదు. మిగిలిన మందులు కూడా ఆరింతలు లోపలికి పోతాయి. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది.

3. ప్రెగాబలిన్ కలిసినవి: ఇది నరాల నొప్పికి నిజంగా పనిచేసే మందు. కాని నిద్రమత్తు, తల తూలడం, కాళ్ళ వాపు వస్తాయి. పెద్దవారు రాత్రి లేచి పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. అకస్మాత్తుగా మానకూడదు. పక్కింటివారి గొట్టంలో ఇది ఉందో లేదో తెలియకుండా మింగడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

4. సెలైన్ ద్వారా ఇచ్చే ఇంజక్షన్: సాధారణంగా 600 మి.గ్రా. మందును 250 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంటకు తగ్గకుండా ఎక్కిస్తారు. గ్లూకోజు సెలైన్‌లో కలపరాదు, చక్కెరతో ఇది కలిసి పాడవుతుంది. వెలుతురుకు కూడా పాడవుతుంది. అందుకే సీసాకు వెండి రేకు వంటి కాగితం చుడతారు. ఆ కాగితం చూసి కంగారు పడవద్దు, తీసివేయవద్దు. దీనిని ఆసుపత్రిలోనే, డాక్టరుగారి ఆజ్ఞ మీదనే తీసుకోవాలి. ఇంటి దగ్గర ఎక్కించుకోవద్దు.

5. క్రీములు: చర్మపు అందానికి అమ్మేవి. అరికాళ్ళ మంటకు రాసుకోవడానికి కాదు.

ఎలా వేసుకోవాలి?

డాక్టరుగారు రాస్తే, సాధారణ మోతాదు రోజుకు ఒకసారి 600 మి.గ్రా. పరగడుపున, టిఫినుకు అరగంట ముందు, మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆహారంతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. పరగడుపున వేసుకున్నా మింగినదానిలో సుమారు మూడవ వంతే రక్తంలో చేరుతుంది. పాలు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాసుకు తాగే తెల్లమందు దీనితో కలిపి తీసుకోవద్దు. వాటిని మధ్యాహ్నానికో, రాత్రికో జరపండి. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కాబట్టి, రెండూ వాడేవారు ఏది ముందో డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.

వికారం, కడుపులో మంట, దద్దుర్లు, తల తిరగడం రావచ్చు. కొందరికి మూత్రం వాసన మారవచ్చు, దానికి భయపడనక్కరలేదు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం మందు ఆపి వెంటనే చూపించుకోవాలి.

ఐదారు వారాలు సరైన మోతాదులో వాడినా తేడా లేకపోతే, "ఇంకా వాడాలా?" అని డాక్టరుగారిని అడగండి. అలా అడగడం తప్పు కాదు. నరాల నొప్పికి ప్రెగాబలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులున్నాయి. మీ వయసు, గుండె, కిడ్నీలను బట్టి ఏది తగునో వారు నిర్ణయిస్తారు.

వీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి

ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారు: ఈ మందుతో చక్కెర కొంత తగ్గవచ్చు. మొదటి వారాలలో తరచుగా పరీక్ష చేసుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి.

అరుదుగా, శరీరం ఇన్సులిన్‌కే వ్యతిరేకంగా పదార్థాలు తయారుచేసి, చక్కెర ప్రమాదకరంగా పడిపోయే జబ్బు ఈ మందు వాడినవారిలో వచ్చింది. జపాన్‌లో ఎక్కువగా, ఐరోపాలో కొన్ని కనిపించాయి. 2021లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా దీనిని పరిశీలించి హెచ్చరించింది. షుగరు లేనివారికి కూడా ఇది రావచ్చు. కాబట్టి 'బలానికి' అని దీనిని వేసుకోవద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు: సురక్షితమని చెప్పడానికి చాలినంత సమాచారం లేదు. సొంతంగా వాడవద్దు.

మద్యం అలవాటున్నవారు: వారిలో బి1 విటమిన్ లోపం ఉండవచ్చు. ముందు దానిని సరిచేయాలి. దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. మందలించడానికి కాదు అడిగేది.

క్యాన్సరుకు మందులు ఎక్కించుకుంటున్నవారు: ఆ డాక్టరుగారి అనుమతి లేకుండా వద్దు.

పసిపిల్లలున్న ఇళ్ళు: ఇది చాలా ముఖ్యం. పెద్దల మాత్రలు మింగిన చిన్నపిల్లలకు ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. అమ్మమ్మ దిండు కింద, టీవీ పక్కన మాత్రల అట్ట పెట్టవద్దు. పిల్లవాడు మింగాడని అనుమానమున్నా సరే, అట్టతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మంట పోయిందా, స్పర్శ పోయిందా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మంట అంటే నరం దెబ్బతింటూ కేక వేయడం. ఆ కేక రెండు విధాలుగా ఆగుతుంది. ఒకటి, బాధ నిజంగా తగ్గి. రెండు, ఆ నరానికి కేక వేసే శక్తి కూడా పోయి. రోగికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండు సందర్భాలలోనూ "మందు పనిచేసింది సిస్టర్" అంటారు.

మా సర్జికల్ వార్డుకు వచ్చిన ఒక రైతు ఉదాహరణ చెబుతాను. రెండేళ్ళు కాళ్ళ మంటలతో నిద్రలేదు. పాత చీటీ చూపించి షాపులో గొట్టాలు కొనుక్కుంటూ వచ్చారు. ఏడాది తిరిగేసరికి మంట పోయింది. తగ్గిందనుకుని చెకప్ మానేశారు. ఒకరోజు పొలంలో తుమ్మముల్లు గుచ్చుకుంది. ఆయనకు తెలియదు. ఐదు రోజులు ఆ ముల్లుతోనే నడిచారు. దుప్పటి మీద చీము మరక చూసింది భార్య. వచ్చేసరికి ఎముక వరకు పాకింది. ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఆ గొట్టం ఆయనకు హాని చేయలేదు. మంట లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం హాని చేసింది.

కాబట్టి మంట తగ్గిన రోజున చేయవలసిన మొదటి పని స్పర్శ పరీక్ష. 10 గ్రాముల బరువుతో వంగే నైలాన్ పోగును అరికాలిలో కొన్ని చోట్ల తాకించి, మీరు కళ్ళు మూసుకుని ఉండగా తెలుస్తున్నదీ లేనిదీ అడుగుతాం. నొప్పి ఉండదు, ఐదు నిమిషాలు చాలు. షుగరు ఉన్న ప్రతివారూ ఏడాదికి ఒక్కసారైనా చేయించుకోవాలి. స్పర్శ తగ్గినవారు ఇంకా తరచుగా రావాలి.

మిషన్ ఆసుపత్రులు నేర్పిన పాఠం

స్పర్శ లేని కాలిని ఎలా కాపాడాలో ప్రపంచానికి నేర్పినవాటిలో మన మిషన్ ఆసుపత్రులు ముందున్నాయి. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. వారి వేళ్ళు జబ్బు వలన వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. నొప్పి తెలియనందువలన పదే పదే తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, ఒత్తిడే కారణమని ఆయన చూపించారు. నొప్పి శత్రువు కాదు, కాపలాదారు అని ఆయన బోధ. ఆనాడు కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి తెచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులే ఈనాడు షుగరు వారికి కూడా ఇస్తున్నాము.

కాపలాదారు లేని ఇంటికి మనమే కాపలా ఉండాలి. రోజూ ఈ పనులు చేయండి:

• రాత్రి పడుకునే ముందు రెండు పాదాలు వెలుతురులో చూడండి. అరికాలు, మడమ, వేళ్ళ సందులు అన్నీ. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి, చూపు ఆనకపోతే కోడలినో మనవడినో చూడమనండి.

• గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. నీటి వేడి మోచేతితో చూడండి, కాలితో కాదు. మంటకని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం, కాపడం పెట్టడం వద్దు.

• పగిలిన మడమకు కొబ్బరినూనె రాయండి, వేళ్ళ సందులలో వద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోయవద్దు.

• ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. తొడిగేముందు లోపల చేయి పెట్టి రాయి, మేకు ఉన్నాయేమో తడిమి చూడండి.

• ఎండాకాలం ఆరాధనకు వచ్చినప్పుడు గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి కాలిన గచ్చు మీద నడిచి బొబ్బలు తెచ్చుకున్నవారున్నారు. మందసాలలో వాడటానికి వేరే శుభ్రమైన మెత్తని చెప్పులు ఉంచుకోండి, లేదా మందపాటి మేజోళ్ళు వేసుకోండి. పాస్టరుగారికి విషయం చెబితే కాదనరు.

• పుండు, పొక్కు, వాపు, రంగు మార్పు కనిపిస్తే నొప్పి లేకపోయినా మరునాడే రండి. "నొప్పి లేదు కదా" అని ఆగవద్దు.

మీరు అడిగే మరికొన్ని ప్రశ్నలు

ఈ మందు వాడితే షుగరు మాత్రలు తగ్గించవచ్చా? – తగ్గించకూడదు. నరాలను కాపాడే మొదటి మందు చక్కెర అదుపే. 1993లో వెలువడిన అమెరికా పరిశోధనలో, చిన్నవయసులో వచ్చే ఇన్సులిన్ షుగరు ఉన్నవారు చక్కెరను గట్టిగా అదుపులో ఉంచుకుంటే నరాల జబ్బు 60 శాతం తగ్గింది. పెద్ద వయసు షుగరులో మేలు అంతగా లేకపోయినా, ఉంది.

కాళ్ళ మంట అంటే షుగరేనా? – కాదు. బి12 లోపం, మద్యం, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, కుష్ఠు, కొన్ని టి.బి. మందులు కూడా కారణం కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడినవారిలో బి12 తగ్గవచ్చు. కారణం తెలియకుండా ఏడాది పొడవునా గొట్టాలు మింగేకంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

డబ్బులు చాలనప్పుడు ఏది మానాలి? – చాలామంది సిగ్గుపడి అడగని ప్రశ్న ఇది. ఇన్సులిన్, షుగరు, బి.పి. మందులు, సరైన చెప్పులు, వీటిని మానవద్దు. ఏదైనా మానక తప్పదంటే ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ గురించి ముందు అడగండి. చీటీలో ఏది ముఖ్యమో గీత గీసి ఇమ్మంటే డాక్టరుగారు తప్పక ఇస్తారు.

మన ప్రభువు శిష్యుల పాదాలు తన చేతులతో కడిగి తుడిచాడు. ఇంట్లో పెద్దవారి పాదాలను రోజూ రాత్రి రెండు నిమిషాలు చేతిలోకి తీసుకుని చూడటం మనకు చిన్న పని కాకూడదు. ఈ వారం వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి, చెప్పులు కూడా. రెండూ చూసి, స్పర్శ పరీక్ష చేసి పంపుతాం.

ప్రభువు మీ అందరికీ మంచి ఆరోగ్యమిచ్చి, మీ అడుగులను కాపాడునుగాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్